రెండు తీగెల చరిత్ర

కర్మాగారమును చూడబోయిన వారి దృష్టి పెద్ద కొలుములమీదను, గోపురములమీదను నిలుచును. వానినుండి నియంత్రణ మందిరమునకు పోవు సన్నని తీగెలను గమనించువారు అరుదు. అయినను ఆవిరి ఒత్తిడి ఎంత, తొట్టిలో చమురు మట్టమెంత అను వార్తలు ఆ తీగెల వెంటనే వచ్చును. వార్త తప్పినచో ప్రమాదము పొంచియుండును. ఆ పాత తీగెలకు అంకెల భాష నేర్పిన కథను మనము కొంత చెప్పుకొందము.

తొలుత ఈ పని గాలి చేసెడిది. గొట్టములోని గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 3 పౌనులైనచో కొలత సున్న. 15 పౌనులైనచో పూర్ణము. తరువాత విద్యుత్తు వచ్చెను. 4 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము సున్నకును, 20 మిల్లీ ఆంపియర్లు పూర్ణమునకును గుర్తులైనవి. సున్నకు సున్నయే గుర్తుగా ఏల ఉంచలేదని మనకు తోచవచ్చును. తీగె తెగినపుడు ప్రవాహము నిజముగా సున్నయగును. తొట్టి వట్టిపోవుటకును, వార్త తెచ్చు దారి తెగుటకును భేదము తెలియవలెను గదా! పైగా ఆ 4 మిల్లీ ఆంపియర్లలోనే దూరముననున్న పరికరము తన బ్రతుకు వెళ్లదీసికొనును.

అయితే ఈ పద్ధతిలో ఒక జంట తీగెలకు ఒక్కటే మాట. సూక్ష్మగణకము పరికరములో ప్రవేశించిన పిమ్మట, తన పేరేమి, తన హద్దులేమి, తనలోని లోపమేమి అని చెప్పగల శక్తి దానికి వచ్చెను; చెప్పుటకు దారి లేకపోయెను. నడుచుచున్న కర్మాగారమును ఆపి తీగెలన్నియు పెరికి కొత్తవి వేయుట ఏ యజమానికిని సులభము కాదు.

1980ల మధ్యకాలమున రోజ్‌మౌంట్ సంస్థ ఒక ఉపాయము పన్నెను. టెలిఫోను తీగెలపై అంకెలు పంపు బెల్ 202 పద్ధతిని అది అరువు తెచ్చుకొనెను. సెకనుకు 1200 కంపనములు ఒకటికి, 2200 కంపనములు సున్నకు సంకేతములు. ఈ అల్ప తరంగము ప్రవాహమునకు పైకెంతయో క్రిందికంతయే ఊగుటచే సగటు మారదు. తంబురా శ్రుతి చెడకుండ పాట సాగినట్లు, పాత కొలత చెడకుండ కొత్త మాట సాగినది. దీనికి హార్ట్ అని పేరు.

అంతటితో తృప్తిపడని వారు సంపూర్ణముగా అంకెలతోనే మాటాడు ఫీల్డ్‌బస్‌ను కోరిరి. ఒక జంట తీగెలమీద 32 పరికరముల వరకు కూర్చవచ్చునని ఆశ. జర్మనీలో ప్రొఫిబస్, ఫ్రాన్సులో ఫిప్ పుట్టెను. 1994లో ఫీల్డ్‌బస్ ఫౌండేషన్ ఏర్పడెను. ప్రపంచమంతటికి ఒక్క ప్రమాణము కావలెనని 1985లో మొదలైన ప్రయత్నము వాదములలో చిక్కి, తుదకు ఎనిమిది పద్ధతులను ఒకే గ్రంథములో చేర్చుటతో ముగిసెను.

పాత కర్మాగారముల ఇంజనీర్లు సంకోచించుటకు కారణము లేకపోలేదు. ఒక తీగె తెగినచో ఒక్క పరికరము మూగవోవుట వేరు, పలు పరికరములు ఒక్కసారి మూగవోవుట వేరు. తీగె రెండు కొసలయందును తగిన నిరోధములుండవలెను. పాత తీగె ఎంత దూరము పనికివచ్చునో పరీక్షించి చూడవలెను. కావున పలువురు హార్ట్‌నే నమ్ముకొనిరి. కాని అందును ఒక లోపము మిగిలెను. పరికరము తన వ్యాధిని చెప్పుచునేయుండును; మందిరములోని పాత నియంత్రణ యంత్రమునకు ఆ భాష రాదు. నడుమ దుబాసివంటి సాధనమును అమర్చినగాని ఆ మాట వినబడదు. అట్లు అమర్చని చోట్ల ముందే తెలిసియుండదగిన చేటు తెలియకయే పోయెను.

2021లో ఈథర్నెట్-ఏపీఎల్ వెలువడెను. ఫీల్డ్‌బస్‌కు వేసిన మేలురకపు జంట తీగెలపైననే అది సెకనుకు కోటి బిట్లను కొనిపోగలదు. తీగె పాతదైనను కొత్త మాటను మోయగలదని ఈ చరిత్ర చెప్పుచున్నది. ఆ మాటను ఆలకించు ఏర్పాటు రెండవ కొసనుండవలెనని కూడ చెప్పుచున్నది.