రహీం సాబ్ రూపాయి

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. హైదరాబాద్ జట్టు ఆడుతోందని గోదావరిఖనిలో మా క్వార్టరు ముందుగదిలోకి వీధి వీధంతా దిగింది. సెకండ్ షిఫ్టుకు వెళ్లినవాళ్లు తప్ప అందరూ హాజరే. మా ఆడవాళ్ల సంగతి చెప్పాలా? బజ్జీల పళ్లేలతో వంటింటికీ ముందుగదికీ తిరుగుతూ, "ఎవరు కొట్టిన్రు?" అని అడుగుతూనే ఆట చూశాం.

68వ నిమిషంలో కేరళవాళ్లు గోలు కొట్టారు. గది మూగబోయింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలు! ఆ కేకలకు పక్కింటి అక్క చిల్లుల గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. చివరికి పెనాల్టీల్లో మన గోలీ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో కప్పు మనదే.

"హైదరాబాద్ గెలవడం ఇదే మొదటిసారి కదా!" అన్నాడు మా అబ్బాయి.

మూల కుర్చీలోంచి మా మామగారు తలెత్తారు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. "ఎవలు చెప్పిన్రు బిడ్డా? రహీం సాబ్ పేరు విన్నవా?" అన్నారు.

వాడే కాదు, నేనూ వినలేదు. సిగ్గేసింది. ఆ తరవాత వెతికి చదువుకున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదువుకుని, హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 ఏళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తీసుకెళ్లిన భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

వీటన్నిటికంటె నా మనసుకు పట్టింది ఒక రూపాయి కథ. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. బాగా ఆడతాడు గాని, రోజూ పట్నం వచ్చి సాధన చేసే స్తోమత లేదు. రహీం సాబ్ సైకిలు అద్దెకని రోజుకో రూపాయి చేతిలో పెట్టేవాడట. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు!

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల కాన్సరు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. ఫైనల్లో మళ్లీ ఆ కొరియాయే ఎదురైంది. స్టేడియంలో లక్షమంది, అందరూ మనవాళ్లకు వ్యతిరేకమే. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను వెనక వరసనుంచి ముందుకు పంపాడాయన. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడు జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశాడు. ఫుట్‌బాల్‌లో ఆ పతకం మళ్లీ మనకు రాలేదు.

మేం బజ్జీలు పంచుకుంటూ గెలిపించుకున్న ఆ హైదరాబాద్ జట్టు కూడా 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మా అబ్బాయి రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. మూడోరోజు తాతగారి కుర్చీ దగ్గర చేరి, "తాతా, ఆ రూపాయి సంగతి మళ్లీ చెప్పవూ?" అన్నాడు.

మీ ఇంట్లోనూ మూల కుర్చీలో ఒక పెద్దాయన ఉండే ఉంటారు. ఈసారి ఆట చూసేటప్పుడు బజ్జీల పళ్లెం ముందు ఆయనకివ్వండి. పక్కనే కాసేపు కూర్చోండి కూడా.