మూడు భాషల కొండ

తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళమే. కాబట్టి ఈ సీమ ఒకప్పుడు తమిళమే మాట్లాడిందని కొందరంటారు. అది తొందరపాటు. రాతిమీదిది దానధర్మాల లెక్క రాసే భాష, సంతలో బేరమాడే భాష అదే కానక్కర్లేదు. 1513లో కృష్ణదేవరాయలు నవరత్న కిరీటం, 25 వెండి హారతి పళ్లేలు సమర్పించి, ఆ కానుకల సంగతి తమిళం, తెలుగు, కన్నడాల్లో చెక్కించాడు. ఒక్క భాష చాలితే అంత ఉలిపని దేనికి? గొప్ప చాటుకోవడానికే అనొచ్చు, కొంత నిజమే. చాటాలన్నా చదివి వినిపించేవాళ్లుండాలి కదా! ఇక్కడ ఇరుగుపొరుగే దుబాసీలు. 1960లో ఈ సీమను భాష లెక్కన పంచినప్పుడు సత్యవేడు చిత్తూరు జిల్లాలో కలిసింది, తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. సరిహద్దు గీతకు రెండువైపులా తెలుగు, తమిళం రెండూ మిగిలాయి.