విశ్వాసం

మా నాయనమ్మకి అక్షరం రాదు. కానీ కాంగ్రెసోళ్ల గుర్తు ఎన్నిసార్లు మారినా ఆమె చెయ్యి తప్పలేదు. కాడెద్దులకి గుద్దింది. 1971లో ఆవూదూడకి గుద్దింది. 1978లో హస్తానికి గుద్దింది. తాడేపల్లి ఎర్రజెండాకి పట్టున్న ఊరే. అయినా "ఇందిరమ్మ మనకి ఇంటి జాగా ఇచ్చిందిరా, తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు" అనేది. ఓట్ల రోజు ఉతికిన కోక కట్టుకుని, మా నాయన్ని వెంటబెట్టుకుని పొయ్యేది. ఇంటిపేరు వచ్చినట్టే ఆయనకి పార్టీ వచ్చింది.

మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. తిండి పెట్టినోడికి విశ్వాసంగా ఉండాలని ఆయనకి నేర్పారు. పాలేరుతనం పోయినా ఆ మాట మా ఇంట్లోంచి పోలా. ఆసామికి చూపించిన విశ్వాసాన్నే చేతిగుర్తుకి చూపించాం. 1983లో ఊళ్లో ఆసాములు చాలామంది సైకిలెక్కారు. వాళ్లు మారితే రాజకీయం అన్నారు. మేం మారతామంటే విశ్వాసం లేనోళ్లన్నారు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. అప్పుడు రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం. "చూశావా, నే చెప్పలా" అంది నాయనమ్మ. 1991 ఆగస్టు 6న మా గుంటూరు జిల్లాలోనే, చుండూరులో, ఎనిమిది మంది దళితుల్ని నరికారు. అప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వం. ఈసారి నాయనమ్మ నోరెత్తలా. మా నాయన ఆ తర్వాత ఆమెతో కలిసి ఓటుకి పోలేదు. ఎవరికేశాడో చచ్చేదాకా చెప్పలా.

చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. సరిగ్గా పదిహేను రోజులకి, మే 7న, ఓట్లు. వేరే మండలంలో పోలింగ్ డ్యూటీ ముగించుకుని అర్ధరాత్రి ఇంటికొస్తే మా పేట అరుగుల మీద ఒకటే మాట. "రాజశేఖరరెడ్డి పింఛనిచ్చాడు, ఆరోగ్యశ్రీ ఇచ్చాడు. కొడుక్కి వెయ్యకపోతే విశ్వాసమేనా?" చెయ్యి పోయి ఫ్యానొచ్చింది. విశ్వాసం ఉన్నచోటే ఉంది. చుండూరు మాట ఒక్కరూ ఎత్తలా. సర్కారు పంతుల్ని, నేనూ ఎత్తలా.

2024 ఎన్నికలప్పుడు మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మనది ఏ పార్టీ?" నోటిదాకా ఒక గుర్తు వచ్చింది. మింగేశాను. కారంచేడు, చుండూరు తారీఖులు చెప్పాను. అప్పుడెవరి ప్రభుత్వముందో చెప్పాను.

"మరి ఈ జాగా వాళ్లిచ్చిందేగా?"

"ఇచ్చింది కాదమ్మా, మనకి రావాల్సింది."

ఈ ఒక్క మాట మా నాయనకి వాళ్లమ్మ చెప్పి ఉంటే బాగుండేది. ఆమెకి మాత్రం ఎవరు చెప్పారు?