చాపకూడు: ఒకనాటి పంక్తి

నేటి పల్నాడు జిల్లాలో, రొంపిచెర్ల మొదలుకొని మాచర్ల దాకా, ఎవరు ఎవరి సరసన కూర్చొని తినాలో తరతరాలుగా నిర్ణయించినది కులం. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు ఈ కట్టును తెంచి, అన్ని కులాలవారినీ ఒకే చాపపై కూర్చోబెట్టాడనీ, మాల కన్నమదాసును సేనానిని చేశాడనీ పల్నాటి వీరగాథ చెబుతున్నది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో ప్రకటించారు. పల్లెజనానికి ఈ కథ పిచ్చుకుంట్లవారి పాటగా అంతకుముందే తెలుసు.

ఇప్పటికీ కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు - అయిదు రోజులు. మందపోరునాడు చాపకూడు. ఆనాడు కలిసి తిన్నవారు మర్నాడు ఎవరి వాడకు వారు తిరిగిపోతారు. ఎందుచేత?

ఆ చాప పరిచినవాడు మంత్రి. చాప కింది నేల ఎవరిదన్న ప్రశ్న గాథలో ప్రధానం కాలేదు. పంక్తి మారింది గాని ఆస్తి సంబంధం మారలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ప్రశ్నను ముందుకు తెచ్చినది పశువుల మేత. అడవిలో మేపుకొన్నందుకు తెల్లదొరతనం విధించిన పుల్లరిని పల్నాటి రైతులు 1921లో ఎదిరించారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకి కాల్పులకు బలి అయినాడు. 1967లో నాగార్జునసాగర్ నీరు కాలువలకెక్కింది. జొన్నచేలున్నచోట వరి వచ్చింది. నీరు పారినది మాత్రం భూమి ఉన్నవాడి చేనికే.

ఈ సంప్రదాయాన్ని మనం కొట్టిపారేయనక్కరలేదు. సమానత్వం జనం పాతకోరిక అనడానికి అది సాక్ష్యం. కాని కూడు పండే నేలలో పాలు లేనివాడికి చాపమీద చోటు ఒకనాటి అతిథి మర్యాద మాత్రమే. దాన్ని ప్రతినాటి హక్కుగా మార్చవలసిన పని ఇంకా మిగిలే ఉన్నది.