వేరుసెనగ చెక్క కథ



మా ఆత్మకూరు పూర్వము అమరచింత సంస్థానమునకు రాజధాని. సంస్థానముల చరిత్రము చెప్పువారు పెక్కురు గలరు. నేడు నేను చెప్పబోవునది అంతకంటె అల్పమైన వస్తువు చరిత్రము. గానుగలో నూనె తీసిన పిదప మిగులు వేరుసెనగ చెక్కయే ఆ వస్తువు.

నా బాల్యమున పొరుగింటి అవ్వ కోళ్లను పెంచెడిది. ఒక వానకాలమున బూజు పట్టిన చెక్కను పారవేయ మనసొప్పక వానికి వేసెను. కొలది దినములలో సగము కోళ్లు చచ్చినవి. దిష్టి తగిలెనని యందరు ననిరి, నేనును నమ్మితిని.

ఉపాధ్యాయుడనైన పిదప ఒక సంగతి చదివితిని. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీకోళ్లు మరణించినవి. శాస్త్రజ్ఞులు శోధింపగా, బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ పిండిలోని బూజువిషమే కారణమని తేలినది. దానికి అఫ్లటాక్సిను అని పేరిడిరి. అది కాలేయమును చెరచును, మనుష్యులకును హానికరము, వంటవేడికి సులభముగా నశింపదు. అవ్వ కోళ్లకు నదియే మృత్యువైనదని ప్రమాణము చేయజాలను. కాని దిష్టి యను మాట మరల నా నోట రాలేదు.

బ్రాయిలరు కోడి యించుమించు ఆరు వారములలో రెండు కిలోల బరువెదుగును. దాని మేతలో మాంసకృత్తులు నూటికి 20 పాళ్లయినను ఉండవలెను. మొక్కజొన్నలో అవి 9 పాళ్లే. ఆ లోటును పూర్వము 40 పాళ్లకు పైబడి మాంసకృత్తులు గల వేరుసెనగ చెక్క తీర్చెడిది. 1960ల పిదప మధ్యప్రదేశమున సోయాచిక్కుడు విస్తరించి, క్రమముగా దాని చెక్కయే ముఖ్యమైన మేత యయ్యెను. వేరుసెనగలో కొరతగా నున్న లైసిను సోయాలో సమృద్ధము. బూజు భయమును తక్కువ. అయినను పచ్చిసోయా జీర్ణమునకు విరోధి, వేడిచేసియే వాడవలెను.

ఒక్క దానినే నమ్ముకొనిన ఫలము 2021లో కనబడినది. సోయాచెక్క ధర మితిమీరి పెరుగగా కోళ్ల రైతులు తల్లడిల్లిరి. ఆగస్టులో కేంద్రప్రభుత్వము 12 లక్షల టన్నుల సోయాచెక్కను విదేశములనుండి తెప్పించుకొన ననుమతించెను. వేరుసెనగ పండు సీమలో నుండి మనము విదేశపు చెక్కకై యెదురుచూచుట విచారకరము గదా!

తెలకపిండిలో లైసిను తక్కువ, మెథియోనిను ఎక్కువ. ఏ చెక్కయు ఒంటరిగా సంపూర్ణము కాదు. ఒకదాని లోపమును మరియొకటి పూరించును. అయితే ముందు మన చెక్క నిర్విషము కావలెను. అది మన చేతిలోని పని. కాయలు గలగలలాడువరకు ఎండనిండు. తడినేలపై బస్తాలు పేర్చకుడు. బూజుపట్టిన గింజలను గానుగకు పంపకుడు. పశువులకును కోళ్లకును వేయకుడు. ఆ యవ్వకు నాడీ మాట చెప్పువారు లేకపోయిరి. మీ యింటి పిల్లలకు మీరు చెప్పుడు.