అరిసాకా రైఫిళ్ల క్రమసంఖ్యలు

జపాన్ సైన్యం వాడిన 38, 99 రకం అరిసాకా రైఫిళ్ల రిసీవర్ ఎడమవైపు క్రమసంఖ్య చెక్కి ఉంటుంది. మొదట్లో ఒకటే వరుస. 38 రకంలో అది 20 లక్షలు దాటింది. అంత పొడుగు సంఖ్యలు ఇబ్బందే. అందుకే 1933 ప్రాంతంలో శ్రేణి పద్ధతి తెచ్చారు: సంఖ్యకు ముందు చిన్న వృత్తం, అందులో ఒక జపనీస్ అక్షరం. లక్ష రైఫిళ్లకు ఒక శ్రేణి. అక్షరాలు ‘ఇ-రో-హ’ అనే పాత జపనీస్ అక్షరక్రమంలో నడుస్తాయి. సంఖ్య చివర ఆయుధ కర్మాగారం గుర్తు ఉంటుంది. ఉదాహరణకు కోకురా కర్మాగారం గుర్తు పేర్చిన ఫిరంగి గుండ్ల బొమ్మ.

కాబట్టి ఒకే సంఖ్య వేర్వేరు శ్రేణుల్లో కనిపించవచ్చు. సంఖ్య ఒక్కటే చూసి తయారీ కాలం చెప్పేయడం తొందరపాటు. శ్రేణి, కర్మాగారం, రకం మూడూ కలిపి చదవాలి. బోల్టు మీద అంకెలు క్రమసంఖ్యతో కలవనంత మాత్రాన భాగం మార్చేశారనీ అనలేం. కొన్ని కర్మాగారాలు కూర్పు కోసం వేరే అంకెలు వేసేవి. జపాన్ లొంగుబాటప్పుడు చాలా రైఫిళ్ల మీద చామంతి రాజముద్రను అరగదీశారు గానీ, పక్కనున్న క్రమసంఖ్యను మామూలుగా ముట్టుకోలేదు.