తీగ మీద నాణెం

చెలామణీలో లేని నాణేన్ని ఒక గిటార్ వాద్యకారుడి కోసం మళ్లీ అచ్చువేసిన టంకశాల ఉంది. క్వీన్ రాక్ బృందానికి చెందిన బ్రయన్ మే 1993లో సొంత కచేరీలకు బయల్దేరినప్పుడు బ్రిటన్‌లోని రాయల్ మింట్ ఆయనకు ప్రత్యేకంగా సిక్స్‌పెన్స్‌లు చేసిపెట్టింది. ఖర్చు పెట్టుకోవడానికి కాదు, తీగలు మీటుకోవడానికి.

సిక్స్‌పెన్స్ 1551 నాటి నాణెం. 1971లో బ్రిటన్ దశాంశ పద్ధతికి మారాక రెండున్నర కొత్త పెన్నీల విలువతో 1980 దాకా కాలం వెళ్లదీసింది. మేకి నచ్చింది దాని గట్టితనం. ప్లాస్టిక్ పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వంగి, తాకిడిలో కొంత తానే మింగేస్తుంది. నాణెం వంగదు కాబట్టి తీగ కదలిక నేరుగా వేళ్లకు తెలుస్తుంది. పైగా అంచున గాట్లుంటాయి. కాస్త వాలుగా పడితే స్వరం పుట్టే క్షణాన సన్నని గరగర వినిపిస్తుంది. 2002 జూన్ 3న అప్పటి బ్రిటన్ రాణి పాలన స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి ఆయన జాతీయగీతం వాయించాడు. 1953 నుంచి వచ్చిన సిక్స్‌పెన్స్‌ల మీద ఉన్నది ఆ రాణి ముఖమే!

అంతకుముందు వేల ఏళ్లపాటు తీగలు మీటింది ఈకలు, ఎముక, దంతం, తాబేటి చిప్ప. అరబ్బుల ఊద్‌కు గద్ద ఈక వాడేవారు.

గిటార్ మీద లోహానికి అసలు వైభవం హవాయిలో మొదలైంది. హోనలూలూలో కమేహమేహా స్కూల్లో చదివిన జోసెఫ్ కెకుకు 19వ శతాబ్దం చివర్లో గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు ముక్కను జార్చడం సాధన చేశాడు. ఆ పద్ధతిలో ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, కుడిచేతి వేళ్లకు లోహపు తొడుగులు. మైకులు లేని రోజులు, పెద్ద హాళ్లు. చివరి వరస దాకా వినబడాలంటే గోరు చాలదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో హవాయి సంగీతం విన్న అమెరికా దాని వెంట పడింది. ఇంకా పెద్ద నాదం కావాలని జాన్ డోప్యేరా 1927 నాటికి పళ్లెంలాంటి అల్యూమినియం గిన్నెలను లోహపు గిటార్ పొట్టలోనే అమర్చాడు. 1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బ్యాకర్ ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఒళ్లో పెట్టుకు వాయించే హవాయి వాద్యమే. విద్యుత్ గిటార్ చరిత్ర అక్కడ మొదలైందని ఇవాళ ఎంతమంది తలుచుకుంటున్నారు?

ఆ నాదం మన దేశానికీ వచ్చింది. హవాయి సంగీతకారుడు టావు మో 1940లలో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. తర్వాత వాన్ షిప్లీ హిందీ సినిమా పాటలను ఎలక్ట్రిక్ గిటార్ మీద పలికించాడు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా హవాయి గిటార్ మీద హిందుస్తానీ రాగాలు వాయించి, 1967లో ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ రికార్డులో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాల సరసన కూర్చున్నాడు. వేలికి తీగ తొడుక్కోవడం మనకు కొత్త కాదు: సితార్‌కు మిజ్‌రాబ్ ఉంది, వీణ వాయించేవాళ్లలోనూ కొందరు గోళ్లతో మీటితే కొందరు వేళ్లకు లోహపు తొడుగులు పెట్టుకుంటారు.

యాంప్లిఫయర్ వచ్చాక గిటార్‌కు లోహం అక్కర్లేదనుకున్నారు. అక్కడే నష్టం జరిగింది. ఉక్కు ఇచ్చేది బిగ్గరతనం ఒక్కటే అయితే విద్యుత్తు ఆ లోటు తీర్చేది. స్వరం మొదట ఖంగున మోగే ఆ పదును వేరు, అది ఏ మీట తిప్పినా రాదు. 1922లో న్యూయార్క్‌లో లూయిజీ డాండ్రియా సెల్యులాయిడ్ పిక్‌లు మొదలుపెట్టినప్పటి నుంచి ప్లాస్టిక్ ఎంత చవకైందంటే, దుకాణంలో మరో దాని గురించి అడిగేవాళ్లే కరవయ్యారు.

ఫ్రెడ్డీ కింగ్ మాత్రం వదల్లేదు. టెక్సస్‌లో పుట్టి షికాగోలో బ్లూస్ నేర్చిన ఆయన బొటనవేలికి ప్లాస్టిక్, చూపుడువేలికి ఉక్కు తొడుక్కుని యాంప్లిఫయర్ ముందు నిలబడ్డాడు. 1961లో ఆయన ‘హైడ్ అవే’ పేరు తెచ్చుకుంది. 1966లో ఎరిక్ క్లాప్టన్ అదే బాణీని జాన్ మేయాల్ బృందంతో రికార్డు చేశాడు, అదీ గొప్పగానే ఉంటుంది. రెంటినీ ఒకదాని వెంట ఒకటి పెట్టి వింటే, చూపుడువేలి మీద ఉక్కు ఏ రికార్డులో ఉందో పేర్లు చూడకుండానే చెప్పొచ్చు.